అనుమానాల పొర

నీళ్ళ శాఖ రికార్డుల గదిలో మూలనున్న పాత కంప్యూటరును ఆన్ చేస్తే, మనిషి వెళ్ళి టీ తాగి, నలుగురితో నాలుగు మాటలాడి తిరిగొచ్చేదాకా లేవదు. దాన్ని పారేయమని వచ్చిన ప్రతి పెద్దసారూ రాశాడు. భద్రం మేడమ్ పారేయలేదు. ఆ గదిలోకి వచ్చిన ఏ వస్తువునూ ఆమె ఊరికే పోనివ్వదు. చిరిగిన కాగితం చేతికిచ్చినా "భద్రం, భద్రం" అంటూ రెండు చేతులా అందుకుంటుంది. అందుకే ఆ పేరు. వెనకాల అలా అనుకుంటారని ఆమెకు తెలుసు. తెలిసీ లోపల్లోపల మురిసిపోతుంది.

సోమవారం ఉదయం ఆమె ఆ కంప్యూటరు ముందు కూర్చోవడానికి కారణం కమిటీ. శాఖ దగ్గరున్న పదకొండు వేల గొట్టాల డ్రాయింగులను ఇంకో యాభై ఏళ్ళపాటు ఏ రకం ఫైలుగా దాచాలో తేల్చి శుక్రవారానికి నోటు పెట్టమన్నారు. ఇవి ఫొటోలు కావు. ఫొటో అంటే చుక్కల ముద్ద, పెద్దది చేస్తే చెదిరిపోతుంది. ఇవి గీతల ఫైళ్ళు. ఇక్కణ్ణుంచి ఇక్కడికి గీత, ఇంత లావు, ఫలానా రంగు అని లెక్కగా రాసిపెట్టుకున్నవి. ఎంత పెద్దది చేసినా గీత గీతలాగే ఉంటుంది. చిక్కల్లా ఆ లెక్కను ఏ పద్ధతిలో రాసి ఉంచాలన్నదే. గీసిన సాఫ్ట్‌వేరు కంపెనీ సొంత పద్ధతిలో ఉంచితే, వాడు కొట్టు కట్టేసిన రోజున మన పనీ కట్టేస్తుంది. కట్టేసింది కూడా. ఆ ఫైళ్ళను తెరవగలిగింది ఇప్పుడు ఈ మూల కంప్యూటరు ఒక్కటే. పీడీఎఫ్‌గా మారిస్తే ఎవరైనా చూడొచ్చు, కానీ చూడ్డం వరకే. ఎస్‌వీజీ అని ఇంకొకటుంది. అది మామూలు అక్షరాల ఫైలు, ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, రేపు సాఫ్ట్‌వేర్లన్నీ మట్టిగొట్టుకుపోయినా మనిషి చదువుకుని మళ్ళీ గీసుకోవచ్చు.

ఒక షీటును తీసుకుని మూడు రకాలుగానూ పోల్చి చూద్దామనుకుంది. పదకొండు వేలల్లో ఏదైనా తీసుకోవచ్చు. కానీ పన్ను నొప్పెడితే నాలుక అక్కడికే పోతుంది. ఆమె చెయ్యి రెండువందల పధ్నాలుగో షీటు మీదికే పోయింది.

ఆసుపత్రి వీధి షీటు అది. కిందటి నెల ఆ వీధిలో కేబులు కోసం తవ్వుతుంటే, షీటులో లేని పాత మెయిను గొట్టం ఒకటి పగిలింది. రోడ్డు కుంగింది. ఆసుపత్రికి రెండు రోజులు నీళ్ళు లేవు, ఆపరేషన్లు వాయిదా వేశారు. విచారణ జరిపించి తేల్చారు: షీటులో గొట్టం చూపలేదు కాబట్టి గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌దే అశ్రద్ధ. గీసింది గీతల మాస్టారు. ఆయన రిటైరై ఎనిమిదేళ్ళయింది. విచారణకు షీటు ప్రతి ఇచ్చింది భద్రం మేడమే. "ఇదే అసలు" అని ధ్రువీకరించి సంతకం పెట్టి మరీ ఇచ్చింది.

ఫైలు తెరుచుకుంది. పక్కన పొరల జాబితా వచ్చింది. రోడ్లు ఒక పొర, ఇళ్ళు ఒక పొర, గొట్టాలు ఒకటి, వాల్వులు ఒకటి, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి కాగితాల్లాంటివి. ప్రతి పొర పేరు పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. కన్ను తెరిచి ఉంటే ఆ పొర కనిపిస్తుంది, మూసి ఉంటే కనిపించదు. పదకొండు కళ్ళు తెరిచి ఉన్నాయి. అడుగున పన్నెండోది మూసి ఉంది. దాని పేరు "అనుమానాలు".

ఆమె ఆ కన్ను మీద నొక్కింది.

ఆసుపత్రి గోడ వెంబడి బూడిదరంగు గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు ప్రత్యక్షమైంది. దాని పక్కన చిన్న అక్షరాలున్నాయి. "పాత మెయిను. ముసలి మేస్త్రీ చెప్పిన మాట. లోతు తెలియదు. తవ్వే ముందు చూసుకోవాలి."

"అయ్యో!" అంది భద్రం మేడమ్ పైకే.

రెండువందల పదమూడు తెరిచింది. అందులోనూ ఉంది. తొంభై తెరిచింది, ఏడొందల ఆరు తెరిచింది. మాస్టారు గీసిన ప్రతి షీటులోనూ అడుగున అదే పొర, మూసిన కన్నుతో. మనిషి పద్ధతి అర్థమైంది. కళ్ళతో చూసి కొలిచినవి పై పొరల్లో పెట్టారు. నోటిమాటగా విన్నవి, చూడనివి, అడుగు పొరలో వేసి కన్ను మూశారు. తవ్వకాలవాళ్ళు వచ్చి అడిగితే తెరిచి చూపించేవారన్నమాట. తెలియనిదాన్ని తెలిసినట్టు గీయలేదు, విన్నదాన్ని వదిలేయనూ లేదు. ఎంత నికార్సయిన పని!

మరి పోయిందెక్కడ? అది కూడా ఆమె ఎవర్నీ అడగక్కర్లేదు. ఏడేళ్ళ కిందట పదకొండు వేల షీట్లనూ పీడీఎఫ్‌గా మార్చింది తనే. మార్చేటప్పుడు ఒక గడి వస్తుంది, "కనిపించే పొరలు మాత్రమే" అని. దానికి టిక్ పెట్టింది. ఫైలు చిన్నదవుతుంది, శుభ్రంగా ఉంటుంది అనుకుంది. మూసిన పొరల్లో ఏముందో చూడలేదు. మాస్టారు ఊళ్ళోనే ఉన్నారు, ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. మార్చడం అయ్యాక శాఖవాళ్ళు పాత ఫైళ్ళు చూడ్డం మానేసి అందరూ పీడీఎఫ్‌లే చూశారు. తవ్వినవాళ్ళూ అదే చూశారు.

మధ్యాహ్నం ఆమె పెద్దసారు గదికి వెళ్ళింది. చెడ్డవాడు కాదాయన. ఎవరికైనా సెలవు కావాలంటే కారణం కూడా అడగడు. సంతకాలు పెడుతూనే అంతా విన్నాడు.

"అప్పట్లో మార్చిందెవరు?" అన్నాడు.

"నేనే సార్."

పెన్ను కింద పెట్టాడు. "చూడండి మేడమ్, విచారణ అయిపోయింది. ఆయన రిటైరైన మనిషి, ఆయన్నెవరూ ఉరి తీయట్లేదు. ఆయనేమన్నా వచ్చి పోట్లాడాడా? లేదు కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి? ఇప్పుడు తిరగదోడితే మొట్టమొదట బయటికొచ్చేది మీ సంతకమే."

"కానీ సార్..."

"శుక్రవారం నోటులో మంచి ఫార్మాటు సూచించండి. ఇకముందు అలా జరగదు. అంతకంటే ఏం కావాలి?"

బయటికొచ్చేసరికి ఆమెకు ప్రాణం తేలికైంది. చెప్పడం చెప్పింది కదా, పైవాళ్ళు వద్దన్నారు కదా. మెట్లు దిగుతుండగా, ఇలా తేలిక పడినందుకు సిగ్గేసింది. వేసినా తేలికగానే ఉంది, ఏం చేస్తాం.

మంగళవారం పదకొండు గంటలకు గీతల మాస్టారే వచ్చారు.

తలుపు దగ్గర నిలబడి, "రావొచ్చా అమ్మా?" అన్నారు. చేతిలో మడత పెట్టిన గొడుగు, చొక్కా జేబులో మూడు పెన్సిళ్ళు. ఆ పెన్సిళ్ళు చెక్కి చెక్కి వేలెడు పొడుగు కూడా లేవు. ఆమె గబుక్కున లేచి కుర్చీ లాగింది. అటెండరును టీ తెమ్మంది. డ్రాయింగు చదవడం ఆమెకు నేర్పింది ఈయనే. గీత లావును బట్టి గొట్టం ఎంతో, గీత తెగిన చోటును బట్టి వాల్వు ఎక్కడో, వేలు పట్టుకుని దిద్దించినట్టు నేర్పారు.

"ఇంట్లో చెప్పకుండా వచ్చాను. బస్సులో వచ్చాను. మా అమ్మాయికి తెలిస్తే చంపేస్తుంది, ఈమధ్య నన్ను ఒంటరిగా గుమ్మం దాటనివ్వట్లేదు," అని నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది. "ట్రైనింగు బడిలో కూడా నా క్లాసు ఆపేశారు. పర్లేదు, ఆపనీ. తప్పు గీసేవాడు పిల్లలకేం నేర్పుతాడు? కానీ ఒక్క సంగతి తేలక నిద్ర పట్టట్లేదమ్మా."

"చెప్పండి మాస్టారూ."

"ఆ ఆసుపత్రి వీధి గొట్టం. నేను గీశానమ్మా. నాకు గుర్తుంది. ముసలి మేస్త్రీ నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, బీడీ చెవిలో పెట్టుకుని, గోడ వెంబడే పోతుంది సారూ అని చెయ్యి ఊపి చూపించాడు. నేను గీశాను. బూడిద రంగులో గీశాను. ఇంత బాగా గుర్తుంటే, షీటులో లేదంటారేమిటి? విచారణలో నా ముందు పెట్టారు, ఉన్న రెండు కళ్ళతోనూ చూశాను. లేదు." ఆయన వేళ్ళతో బల్ల అంచును రాస్తున్నారు, పెన్సిలుతో గీత గీసినట్టే. "అయితే నేను గీసినట్టు కల కన్నానా? లేనిది ఉన్నట్టు గుర్తొస్తోందా? అదే నిజమైతే ఇక నా తలకాయని ఎక్కడ నమ్మాలి? మా అమ్మాయి అదే అంటోంది. నువ్వు చెప్పమ్మా. ఈ గదిలో కాగితాలన్నీ నీ చేతి మీదుగా పోయినవే. నేను గీశానా, లేదా? నువ్వు ఏది చెబితే అది నమ్ముతాను."

టీ వచ్చింది. భద్రం మేడమ్ కప్పు ఆయన వైపు జరిపింది. ఆయన తలకు వెనకాలే ఆ పాత కంప్యూటరు తెర మీద, నిన్నటి ఫైలు తెరిచే ఉంది. ఆమె లేచి రెండడుగులు వేసి, ఆయన్ని ఇటు తిరగమంటే అయిపోయేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె మాత్రం లేచి వెళ్ళి, తెర ఆర్పేసి వచ్చి కూర్చుంది.

"వయసు కదా మాస్టారూ," అంది, స్టేప్లరుని అటూ ఇటూ తిప్పుతూ. "ఎన్ని వేల గీతలు గీశారు మీరు! అందులో ఒకటి మరిచిపోతే ఏమైంది? మనసులో అనుకున్నది గీసేశాం అనుకుంటాం. నాకూ జరుగుతుంది. గ్యాసు ఆపానో లేదో అని సగం దారి నుంచి ఇంటికి పోయిన రోజులున్నాయి."

ఎంత బాగా చెప్పింది! నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు చెప్పింది. మాస్టారు ఆమె మొహంలోకి కాసేపు చూశారు.

"అంతేనంటావా?"

"అంతే మాస్టారూ. మనసులో పెట్టుకోకండి."

ఆయన తలూపారు. ఒక్కసారి కాదు, మెల్లగా నాలుగైదుసార్లు. రెండు గుక్కలు టీ తాగి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "ఏ బస్సెక్కాలమ్మా మా ఇంటికి?" అన్నారు. వచ్చేటప్పుడు అడగకుండా వచ్చిన మనిషి. ఆమె నంబరు చెప్పింది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి అరచేతి మీద రాసుకున్నారు.

బుధవారం ఆమె నోటు రాసింది. పట్టిక గీసి మూడు రకాల ఫైళ్ళకూ మూడు నిలువు గళ్ళు పెట్టి, పక్కన నాలుగు ప్రశ్నలు రాసింది. ఎవరైనా తెరవగలరా, అక్షరాలు అక్షరాలుగానే మిగులుతాయా, పొరలు నిలుస్తాయా, కన్ను మూసినవి కూడా నిలుస్తాయా. నాలుగో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. మూల కంప్యూటరులో ఆ షీటును ఎస్‌వీజీగా మార్చి, మామూలు అక్షరాల కిటికీలో తెరిచి చూసింది. అంకెల మధ్య, మామూలు మాటల్లో, మాస్టారి వాక్యం అలాగే ఉంది. "ముసలి మేస్త్రీ చెప్పిన మాట." ఆమె దాన్ని మూసేసింది. తేలు కుట్టిన దొంగ మూలగనైనా మూలగలేడంటారు, సరిగ్గా ఆ పరిస్థితి.

సాయంత్రం ఇంట్లో ఆరేసిన బట్టలు మడతలు పెడుతూ భర్తకు చెప్పింది. ఆయనకు కళ్ళజోళ్ళ కొట్టుంది. కూర్చుని ఎవరిదో ఫ్రేముకి మర బిగిస్తున్నాడు.

"టిక్ పెట్టడం తప్పు కాదు," అన్నాడు అంతా విని. "తెలియక చేశావు. ఎవడైనా చేస్తాడు."

"నిన్న ఆయన వచ్చి అడిగితే?"

మర తిప్పడం ఆపాడు. "నువ్వేం చెప్పావు?"

"వయసు కదా అన్నాను."

ఆయన ఆమె వైపు చూసి, మళ్ళీ ఫ్రేములోకి చూసుకున్నాడు. ఏదో ఒక ఎగతాళి లేకుండా మాట ముగించని మనిషి, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం చూశాక ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన చొక్కానే మూడుసార్లు విప్పి మూడుసార్లు మడతపెట్టింది.

గురువారం సాయంత్రం మాస్టారి కూతురు ఫోను చేసింది. పేరు చూడగానే భద్రం మేడమ్ తెలిసిపోయిందనుకుంది. తెలిసిపోతే బాగుండు అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"మీకు థ్యాంక్స్ చెబుదామని చేశానండీ."

"నాకా? నాకెందుకండీ?"

"మీ దగ్గరికొచ్చి వెళ్ళాక నాన్నగారు గొడవ మానేశారు. అంతకు ముందు గీశాను, గీశాను అని ఇల్లు పీకి పందిరేసేవారు. మీరు ఎంతో మెల్లగా చెప్పారట కదా. ఆవిడే చెప్పాక ఇంకేముంది, నా తలకాయే పోయింది అన్నారు. డాక్టరు దగ్గరికి పోదామని మూడు వారాలుగా బతిమాలుతున్నాను, ఇవాళ నోరెత్తకుండా వచ్చారు."

"డాక్టరు ఏమన్నారు?"

"గడియారం బొమ్మ గీయమన్నారండీ. అబ్బో, నిమిషాల గీతలతో సహా గీశారు. డాక్టరే ముక్కున వేలేసుకున్నాడు. తర్వాత మూడు మాటలు చెప్పి, కాసేపాగి అవేంటో చెప్పమన్నారు." కూతురు గొంతు తగ్గించింది. "ఆయనకి తెలుసండీ. పెదాలు కదులుతున్నాయి, పక్కనే ఉన్నాను, నాకు కనిపిస్తోంది. కానీ పైకి చెప్పలేదు. నాకు గుర్తున్నది తప్పయి ఉంటుంది లెండి, మీరే చెప్పండి అన్నారు. ఇంటికొచ్చాక నేను అన్నం తిన్నానా అని నన్నడిగారు. అప్పుడే తిని చెయ్యి కడుక్కున్నారు. తడి చెయ్యి చూసుకుంటూ అడిగారు. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు డాక్టరు, మందులు మొదలుపెడతారట. పోనీలెండి, ఒప్పుకున్నారు, అదే చాలు. అంతా మీ పుణ్యమే."

"భద్రమండీ," అంది ఆమె, అలవాటు కొద్దీ.

ఫోను పెట్టేశాక ఆ మాట తనకే వెగటుగా చెవిలో గింగురుమంది. పుణ్యమట! నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. కానీ నేల ఎవరికి చీలుతుంది? ఆమె చెప్పులేసుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళింది. వాచ్‌మన్ తాళం తీశాడు. ఎస్‌వీజీగా మార్చిన షీటును ఫోనులోకి ఎక్కించుకుని, రేపటి నోటు చివర రెండు వాక్యాలు కలిపి, పది నిమిషాల్లో బయటికొచ్చింది.

శుక్రవారం కమిటీలో ఆరుగురు కూర్చున్నారు. ఆమె నోటు చదివింది. శాశ్వతంగా దాచడానికి ఎస్‌వీజీ, అన్ని పొరలతోనూ, మూసినవాటితో సహా. అసలు ఫైళ్ళు పారేయకూడదు. పీడీఎఫ్ చూసుకోవడానికి మాత్రమే. అందరూ తలలాడించారు. తర్వాత, నిన్న కలిపిన వాక్యాల దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి నిలబడింది. నిలబడాల్సిన పని లేదు, అయినా నిలబడింది.

"ఇంకొకటుంది సార్. రెండువందల పధ్నాలుగో షీటులో ఆ మెయిను గొట్టం ఉంది. గీతల మాస్టారు గీశారు. ఏడేళ్ళ కిందట నేను మార్చినప్పుడు పోయింది. విచారణకు నేనిచ్చిన ప్రతి అసలుది కాదు."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెప్పొద్దంటే చెప్పిందే అన్న చిరాకు ఒక్క క్షణం కనబడింది. తర్వాత సర్దుకున్నాడు. "సరే. సాంకేతిక కారణాల వల్ల ఒక పొర లోపించింది అని మినిట్స్‌లో రాద్దాం."

"లోపించలేదు సార్. నేను తీసేశాను. అలాగే రాయించండి. విచారణ రిపోర్టు కూడా మార్చాలి."

"తిలా పాపం తలా పిడికెడు లెండి మేడమ్," అన్నాడు పక్క సెక్షను ఇంజనీరు నవ్వుతూ. "ఏడేళ్ళుగా మేమూ ఆ పీడీఎఫ్‌లే చూశాం. ఒక్కడైనా అసలు ఫైలు తెరిచామా?"

"రాయండి, ఆవిడ చెప్పినట్టే రాయండి," అన్నాడు పెద్దసారు, రాసుకునేవాడితో. "మాస్టారి క్లాసులు కూడా మళ్ళీ మొదలుపెట్టించండి."

ఎప్పుడు కనుక్కున్నారని ఎవరూ అడగలేదు. "నోటు తయారుచేస్తుండగా కనబడింది," అంది ఆమె తనంతట తనే. అందులో అబద్ధం ఏమీ లేదు. సమావేశం అయ్యాక ఇద్దరు దగ్గరికొచ్చి, ఇలా ఒప్పుకోవాలంటే గుండె ఉండాలి మేడమ్ అన్నారు. ఆమె వద్దు వద్దంటూనే విన్నది. నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం అన్నం రుచిగా తినగలిగింది.

ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్ళింది. అది ఒక అచ్చుయంత్రం కొట్టు పైన, రెండో అంతస్తులో. కింద యంత్రం తిరుగుతుంటే మెట్లు అదురుతాయి. కూతురు తలుపు తీసి, "అరె, మీరా! రండి రండి," అని మొహమంతా నవ్వు చేసుకుంది. లోపల తలుపుకి, అలమారాకి, గోడకి చిన్న చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. "గ్యాసు ఆపాలి." "కుళాయి కట్టాలి." "తాళం వేశాక ఒకసారి లాగి చూడాలి." అన్నీ డ్రాయింగు అక్షరాలే, ఒకే ఎత్తులో, ఒకే వాలులో. మాస్టారు బల్ల దగ్గర కూర్చుని ఇంకో చీటీ రాస్తున్నారు.

ఆమె కూర్చోకుండానే చెప్పేసింది. "మాస్టారూ, మీరు గీశారు. ఆ గొట్టం మీరు గీశారు."

ఆయన తలెత్తి, ఎంతో ప్రేమగా చూశారు. "నువ్వు మంచిదానివమ్మా. ముసలాడి మనసు కష్టపెట్టలేక వచ్చావు. పర్లేదు, నాకిప్పుడేం బాధ లేదు. అలవాటు పడుతున్నాను."

"నిజంగా మాస్టారూ."

"ఊరుకో అమ్మా."

కూతురు కూడా, పాపం ఎంత మంచి మనిషో అన్నట్టు చూస్తోంది. భద్రం మేడమ్ కూతురి ఫోను అడిగి తీసుకుని, ఫైలు దానికి పంపింది. ఏ సాఫ్ట్‌వేరూ అడగకుండా అది తెరుచుకుంది. ఆసుపత్రి వీధి, దాని మీద పొరల పేర్లు. "అనుమానాలు" అన్న మాట మీద నొక్కి, బూడిదరంగు గీత బయటపడ్డాక ఫోను ఆయన చేతిలో పెట్టింది.

మాస్టారు చూశారు. రెండు వేళ్ళతో పెద్దది చేశారు. ఇంకా పెద్దది చేశారు. గీత చెదరలేదు. పెదాలు కదిలాయి, ఈసారి పైకే వినిపించింది. "లోతు తెలియదు. తవ్వే ముందు చూసుకోవాలి." ఆగి మళ్ళీ చదివారు. "ఇది నా మాటే. నేనెప్పుడూ అలాగే రాస్తాను, తవ్వే ముందు చూసుకోవాలి అని. ఒసేయ్, ఇటు రావే! చూడు! బూడిద రంగు! నేను చెప్పలేదూ?"

"చెప్పారు నాన్నా," అంది కూతురు. ఆమె ఏడుస్తోంది.

"మరి ఆ పీడీఎఫ్‌లో ఎందుకు లేదు?"

"నేనే మాస్టారూ," అంది భద్రం మేడమ్. "ఏడేళ్ళ కిందట మార్చేటప్పుడు కన్ను మూసిన పొరలన్నీ వదిలేశాను. మిమ్మల్ని అడగలేదు. ఇవాళ కమిటీలో చెప్పాను. రిపోర్టు మారుస్తున్నారు. మీ క్లాసులు మళ్ళీ మొదలవుతాయి."

తిడతారనుకుంది. ఆయన బల్ల చరిచి నవ్వారు. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! కన్ను మూస్తే ఆ పొరని మార్చదా ఆ యంత్రం? నాకూ తెలియదు సుమా. తెలిస్తే నీకు ముందే చెప్పేవాణ్ణి. పోనీలే అమ్మా, కావాలని చేశావా? చేతులున్నవాళ్ళు అందరం చేస్తాం. నేను చేరిన కొత్తలో ఒక వీధి మొత్తం కుడి ఎడమ తిరగేసి గీశాను, తెలుసా? మేస్త్రీలు రెండు రోజులు తవ్వి, మట్టి తప్ప ఏమీ దొరక్క, నన్ను వెతుక్కుంటూ వచ్చారు, పలుగులతో!"

ముగ్గురూ నవ్వారు. కూతురు కళ్ళు తుడుచుకుని టీ పెట్టింది. మాస్టారు ఫోను వదలకుండా, ప్రతి వాల్వు దగ్గరా ఆగి దాని కథ చెప్పారు. మధ్యలో తనంతట తనే లేచి వెళ్ళి తలుపు మీది చీటీ ఒకటి పీకేసి వచ్చి కూర్చున్నారు. భద్రం మేడమ్‌కు ఛాతీ మీద నుంచి రాయి దిగినట్టుంది. టీ అయ్యాక కూతురు కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది.

"ఇంతకీ ఎప్పుడు కనబడిందమ్మా నీకిది?" అన్నారు మాస్టారు, ఫోనులోంచి తలెత్తకుండానే. పనివాడు పనివాణ్ణి అడిగే ప్రశ్నే.

"సోమవారం," అంది ఆమె. నోటికి అదే వచ్చింది.

"సోమవారం," అన్నారు ఆయన.

వేలు తెర మీద ఆగింది. నుదురు ముడిపడింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచారు. తర్వాత తలెత్తి ఆమె వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, వల పన్నడం లేదు. పొద్దున్నుంచీ చీటీలు రాసుకుంటున్న మనిషి గొంతే మళ్ళీ వచ్చింది, భయం భయంగా.

"నేను మీ ఆఫీసుకొచ్చింది మంగళవారం అనుకుంటున్నానమ్మా. కాదేమో. అంతకు ముందు వారమా? ఈమధ్య నాకు రోజులు కలిసిపోతున్నాయి. నువ్వు చెప్పు."

వంటింట్లో నీళ్ళ చప్పుడవుతోంది. కూతురికి వినబడదు. అంతకు ముందు వారం మాస్టారూ, అంటే చాలు. ఆయన నమ్ముతారు. సంతోషంగా నమ్ముతారు. ఆమె మంచి మనిషిగానే మెట్లు దిగి వెళ్ళొచ్చు. ఆయన ఆ ఒక్క రోజును తప్పుగా గుర్తుపెట్టుకుంటారు, అంతే కదా. ఒక్క రోజు.

"మంగళవారమే మాస్టారూ," అంది భద్రం మేడమ్. "మంగళవారమే వచ్చారు. అప్పటికే నేను చూశాను. మీరు అడిగినప్పుడు ఆ ఫైలు మీ వెనకాలే తెరిచి ఉంది. లేచి ఆర్పేసి వచ్చి, వయసు కదా అన్నాను. తెలిసే అన్నాను."

కింద అచ్చుయంత్రం తిరుగుతోంది, బల్ల సన్నగా అదురుతోంది. మాస్టారు మడిచిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పుకున్నారు.

"అయితే నాకు బాగానే గుర్తుందన్నమాట," అన్నారు.

కుళాయి ఆగింది. కూతురు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తండ్రి మొహం, ఈమె మొహం మార్చి మార్చి చూసింది. "ఏమైంది నాన్నా? ఇప్పటిదాకా బాగానే నవ్వుతున్నారుగా?"

"కూర్చోవే," అన్నారు మాస్టారు. "మేడమ్ గారు చెబుతారు, విను."

భద్రం మేడమ్ సోమవారం నుంచి మొదలుపెట్టింది.